చెడిపోయిన టర్బో ఇంజన్‌ను తిరిగి కట్టడం, రన్నింగ్ ఇన్ చేయడం

టర్బో ఉన్న పెట్రోలు ఇంజన్ చెడిపోయాక దాన్ని దించి, విప్పి, కొత్త భాగాలతో తిరిగి కట్టడం ఓపిక, కొలతలు, శుభ్రత ఉన్నవారికి సాధ్యమైన పనే. అంతకంటే కష్టమైనది అది ఎందుకు చెడిపోయిందో తేల్చుకోవడం. కొత్త పిస్టన్లు, బేరింగులు, గాస్కెట్లు వేసి మూసిన ఇంజన్ కొన్ని వందల కిలోమీటర్లకే మళ్లీ అదే తీరున పోయిందంటే చాలాసార్లు కారణం రెండింటిలో ఒకటి అయి ఉంటుంది: మొదటిసారి ఇంజన్‌ను చెడగొట్టిన లోపం కారులోనే ఉండిపోయింది, లేదా అప్పుడు రాలిన లోహపు ముక్కలు ఏదో గొట్టంలోనో కూలర్‌లోనో దాగి, కొత్త బేరింగుల్లోకి చేరాయి. అందుకే ఈ వ్యాసంలో బోల్టులు బిగించే భాగం కంటే దానికి ముందూ వెనకా (కొత్త భాగాలు ఒకదానికొకటి కుదురుకునేలా ఇంజన్‌ను నడపడం, అంటే రన్నింగ్ ఇన్ సహా) జరగాల్సిన పనులకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఇక్కడ చెప్పే అంకెలు సాధారణంగా పాటించే కొలతలు. మీ ఇంజన్ తయారీదారు ఇచ్చిన వర్క్‌షాప్ మాన్యువల్లో, పిస్టన్లతో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి.

కారణం తేల్చడం

ఇంజన్ విప్పుతున్నప్పుడు ఏ భాగాన్నీ వెంటనే కడగకూడదు. బ్యాటరీ తీసేముందే ఈసీయూలో (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటరులో) నమోదైన ఎర్రర్ కోడ్లను చదివి రాసుకోవాలి. బ్యాటరీ తీస్తే కొన్ని కార్లలో అవి చెరిగిపోతాయి. పాత ఆయిలును శుభ్రమైన పళ్లెంలోకి దించి, సన్నటి గుడ్డలో వడకట్టి, మిగిలిన రజను మీద అయస్కాంతం తిప్పి చూడాలి. అంటుకున్నది ఇనుము లేదా ఉక్కు, అంటే క్రాంక్, క్యామ్, రింగులు, ఆయిల్ పంపు వంటి వాటి నుంచి వచ్చినది. అంటుకోకుండా మెరిసేది పిస్టన్ల అల్యూమినియమో బేరింగుల పైపొరో అయి ఉంటుంది. ప్రతి పిస్టన్, రాడ్, బేరింగు ఏ సిలిండరుదో, ఏ వైపుదో గుర్తు పెట్టి వరుసగా పరచాలి, ఎందుకంటే ఒక ముక్కను విడిగా చూస్తే తెలియనిది నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

టర్బో ఇంజన్లలో తరచుగా కనిపించేది మొదటి రింగుకూ రెండో రింగుకూ మధ్య ఉండే గట్టు విరగడం. పిస్టన్ తల అంచున ఇసుకతో కొట్టినట్టు చిన్న చిన్న గుంటలుండి, స్పార్క్ ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద సూక్ష్మమైన అల్యూమినియం చుక్కలు కనబడితే అది డిటొనేషన్, అంటే నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి ఒక్కసారిగా పేలినట్టు మండటం) చేసిన పని. తక్కువ ఆక్టేన్ పెట్రోలు, మితిమీరిన ఇగ్నిషన్ అడ్వాన్సు, ఇంటర్‌కూలర్ సరిగా చల్లార్చని వేడి గాలి, బూస్టు (టర్బో గాలిని తోసే అదనపు ఒత్తిడి) పెరిగినా దానికి తగ్గట్టు పెరగని ఇంధనం, వీటిలో ఏదో ఒకటి దాని వెనక ఉంటుంది. పిస్టన్ తల మధ్యలో కరిగి రంధ్రం పడితే ప్రీ-ఇగ్నిషన్‌ను, అంటే స్పార్క్ రాకముందే మండటాన్ని, అనుమానించాలి. వేడి ఎక్కువ పట్టి ఉంచే ప్లగ్గు వాడటం దానికి తరచు కారణం. ఒక్క సిలిండరులోనే పిస్టన్ కరిగి మిగతావి బాగుంటే ముందుగా చూడాల్సింది ఆ సిలిండరు ఇంజెక్టరును. ఇంజెక్టర్లన్నింటినీ ప్రవాహ పరీక్ష చేయించే వరకు కొత్త పిస్టన్ కొనడంలో అర్థం లేదు.

ఇంధనాన్ని నేరుగా సిలిండరులోకి చిమ్మే చిన్న టర్బో ఇంజన్లలో మరో రకం ప్రమాదం ఉంది. తక్కువ ఆర్‌పీఎం దగ్గర, పెద్ద గేరులో, ఎక్కువ బూస్టుతో బరువు లాగుతున్నప్పుడు ఇంధనం స్పార్కుకు ముందే అంటుకుని ఒక్క దెబ్బకు పిస్టన్‌ను విరగ్గొట్టగలదు. ఆయిలులోని క్యాల్షియం ఆధారిత డిటర్జెంట్లు ఇందులో పాత్ర వహిస్తాయని తేలడంతో 2018లో ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్ఎన్ ప్లస్, 2020లో ఏపీఐ ఎస్‌పీ ప్రమాణాలు వచ్చాయి. ఇలాంటి ఇంజన్‌లో పాత ప్రమాణపు ఆయిలు వాడి ఉంటే ఆ సంగతి కూడా కారణాల జాబితాలో చేరాలి.

బేరింగులు కూడా కథ చెబుతాయి. అన్నీ సమానంగా అరిగి అడుగున రాగి రంగు కనిపిస్తే ఆయిలు లేకపోవడమో, పెట్రోలు కలిసి పలచబడటమో, మురికి కావడమో జరిగింది. కనెక్టింగ్ రాడ్ల పై అర్ధభాగాల బేరింగులు మాత్రమే నలిగి, మెయిన్ బేరింగులు బాగుంటే అది నాకింగ్ దెబ్బ. ఒకే బేరింగు తిరిగిపోయి క్రాంక్ జర్నల్ (బేరింగులో తిరిగే నున్నటి భాగం) నీలిరంగుకు మారి ఉంటే, ఆ రాడ్ పెద్ద కన్ను గుండ్రదనం పోయి ఉంటుందని అనుకోవాలి. దాన్ని కొలిచి సరిచేయించాలి లేదా మార్చాలి.

కారణం రాసిపెట్టలేని స్థితిలో ఉంటే భాగాలకు డబ్బు పెట్టకూడదు. ఇది కఠినంగా అనిపించవచ్చు గాని, ఈ ఒక్క నియమం పాటించినవారు రెండోసారి ఇంజన్ దించే అవసరం చాలావరకు తప్పించుకుంటారు.

లోహపు రజను ఎక్కడెక్కడ దాగుతుంది

బేరింగు పోయిన ఇంజన్‌లో ఆయిలు తాకిన ప్రతి చోటికీ రజను వెళ్లి ఉంటుంది. ఆయిల్ కూలర్‌ను కడిగి తిరిగి వాడే ఆలోచన మానుకోవడం మంచిది. దాని సన్నని దారుల్లో ఇరుక్కున్న ముక్కలన్నీ బయటికి వచ్చాయని నిర్ధారించుకునే మార్గం లేదు, కొత్త ఆయిలు వేడెక్కి వేగంగా పారినప్పుడు అవి కదిలి నేరుగా బేరింగుల వైపు వస్తాయి. ఆయిల్ పంపును కూడా మార్చాలి. వేరియబుల్ వాల్వ్ టైమింగ్ సొలెనాయిడ్లు, వాటి చిన్న జల్లెడలు, హైడ్రాలిక్ లిఫ్టర్లు, పిస్టన్ అడుగున ఆయిలు చిమ్మే నాజిళ్లు, టర్బోకు వెళ్లే ఆయిలు గొట్టం, దాని బ్యాంజో బోల్టులో (ఆయిలు పారేలా లోపల రంధ్రం ఉన్న బోల్టులో) ఉండే చిన్న ఫిల్టరు, వీటన్నింటినీ ఒక్కొక్కటిగా విప్పి శుభ్రం చేయాలి లేదా మార్చాలి.

బ్లాకులోని ఆయిల్ గ్యాలరీల చివర ఉండే ప్లగ్గులను తీయకుండా ఎంత కడిగినా ఉపయోగం లేదు. ప్లగ్గులు తీసి, పొడవాటి సన్నని బ్రష్షులతో అటూ ఇటూ రుద్ది, సంపీడిత గాలితో ఊదాలి. క్రాంక్‌షాఫ్ట్‌లోని అడ్డ రంధ్రాలకూ ఇదే పద్ధతి.

గాలి వైపు సంగతి వేరు. టర్బో కంప్రెసర్ చక్రం రెక్కలు విరిగి ఉంటే ఆ ముక్కలు ఇంటర్‌కూలర్‌లో కూర్చుంటాయి. పలకలూ గొట్టాలూ కలిసిన సాదా ఇంటర్‌కూలర్‌ను కడిగి, తలకిందులు చేసి, తట్టి, కడిగిన ద్రావణం స్వచ్ఛంగా వచ్చేదాకా పట్టుబట్టవచ్చు. లోపల సన్నని రెక్కలు దట్టంగా ఉన్నదైతే మార్చడమే మేలు. పిస్టన్ ముక్క ఎగ్జాస్టు దారిన పోయి ఉంటే టర్బైన్ చక్రాన్ని, కాటలిటిక్ కన్వర్టరును తప్పక చూడాలి. మూసుకుపోయిన కన్వర్టరు ఎగ్జాస్టు వాయువులను బయటికి పోనివ్వక ఒత్తిడి పెంచి కొత్త ఇంజన్‌ను వేడిలో ఉడికిస్తుంది.

లేత్ పని, కొలతలు

బ్లాకు, హెడ్ పగుళ్లకు పరీక్షించాకే మిగతా పని. హెడ్ ఉపరితలం మీద సరళరేఖ పట్టీ ఆనించి, కర్ణాల వెంట, అడ్డంగా, నిలువుగా ఫీలర్ గేజ్ దూర్చి చూడాలి. చాలా ఇంజన్లకు 0.05 మి.మీ. ఆకు దూరితే ఆలోచించాల్సిందే. ఇప్పటి బహుళ పొరల ఉక్కు గాస్కెట్లకు చదునుతో పాటు బాగా నున్నటి ఉపరితలం కూడా కావాలి గనుక, హెడ్ ఫేసింగ్ చేయించేటప్పుడు ఏ రకం గాస్కెట్ వేస్తున్నారో లేత్ పనివారికి ముందే చెప్పాలి.

బోరును (పిస్టన్ కదిలే సిలిండరు రంధ్రాన్ని) డయల్ బోర్ గేజ్‌తో పైన, మధ్యన, అడుగున, ప్రతిచోట రెండు దిశల్లో కొలవాలి. అరుగుదల ఎక్కువగా ఉంటే ఓవర్‌సైజు పిస్టన్లకు బోరు కొట్టించాలి, అయితే పిస్టన్లు చేతికి వచ్చాకే తుది కొలత తీయాలి, ఎందుకంటే పిస్టన్‌కూ గోడకూ మధ్య సందు పిస్టన్ లోహాన్ని బట్టి మారుతుంది. ఫోర్జింగ్ చేసిన పిస్టన్లు వేడికి ఎక్కువ వ్యాకోచిస్తాయి గనుక వాటికి పోతపోసిన పిస్టన్ల కంటే ఎక్కువ సందు కావాలి. వాటితో కట్టిన ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కాస్త టపటపమని, వేడెక్కాక నెమ్మదించడం లోపం కాదు. హెడ్ బిగించినప్పుడు బోరు రవ్వంత వంకరపోతుంది కాబట్టి, హెడ్‌కు బదులు మందపాటి టార్క్ ప్లేటు బిగించి హోనింగ్ (రాళ్లతో బోరు గోడ మీద సన్నటి గీతలు తీయడం) చేసే చోటికే బ్లాకు ఇవ్వండి. టర్బో ఇంజన్‌కు దీన్ని విలాసంగా చూడకూడదు. కొన్ని అల్యూమినియం బ్లాకుల్లో ఇనుప స్లీవు ఉండదు, బోరు గోడ మీద పలచటి గట్టి పూత మాత్రమే ఉంటుంది. వాటిని మామూలు రాళ్లతో హోనింగ్ చేస్తే బ్లాకు పాడవుతుంది.

హోనింగ్ అయ్యాక బ్లాకును కడిగే పద్ధతిలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. పెట్రోలు, కిరోసిన్, బ్రేక్ క్లీనర్ వంటివి జిడ్డును కరిగిస్తాయి గాని, గీతల్లో ఇరుక్కున్న హోనింగ్ రాయి పొడిని అక్కడే వదిలేస్తాయి. వేడి నీళ్లు, డిటర్జెంటు, గట్టి బ్రష్షు తీసుకుని బోరును గీతల దిశలోనే రుద్ది కడగాలి. తర్వాత గాలితో ఆరబెట్టి, తుప్పు పట్టకముందే పలచటి ఆయిలు పూసి, తెల్లటి గుడ్డతో తుడవాలి. మొదటిసారి గుడ్డ మీద బూడిదరంగు మరక వస్తుంది. మళ్లీ కడగాలి. గుడ్డ తెల్లగా, ఆయిలు రంగు తప్ప మరేమీ అంటకుండా వచ్చేదాకా ఇది సాగాలి. మిగిలిన పొడి కొత్త రింగులను మొదటి గంటలోనే అరగదీస్తుంది.

క్రాంక్ జర్నళ్లను మైక్రోమీటరుతో కొలిచి, పగుళ్ల పరీక్ష చేయించి, అవసరమైతే గ్రైండింగ్ చేయించి అండర్‌సైజు బేరింగులు వేయాలి. బేరింగు సందుకు స్థూలమైన లెక్క జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు: 50 మి.మీ. జర్నల్‌కు సుమారు 0.05 మి.మీ. ప్లాస్టిగేజ్ (బేరింగులో నలిగిన వెడల్పును బట్టి సందు చెప్పే మెత్తని దారం) ఉపయోగకరమే గాని, బోర్ గేజ్, మైక్రోమీటరు కొలతలను సరిచూసుకోవడానికి దాన్ని వాడటం సరైన పద్ధతి.

రింగుల సందు

కూర్పులో మిగతా పనుల కంటే ఇక్కడ ఎక్కువ సమయం పెట్టాలి. బూస్టు మీద పనిచేసే ఇంజన్‌లో పై రింగు చాలా వేడెక్కుతుంది, వేడెక్కి పొడవు పెరుగుతుంది. దాని కొసల మధ్య చాలినంత సందు లేకపోతే అవి ఒకదానికొకటి తగిలి, రింగు బోరులో బిగుసుకుని, పిస్టన్ గట్టును విరగ్గొడుతుంది. చూడటానికి అది నాకింగ్ దెబ్బలాగే ఉంటుంది గనుక అసలు కారణం తెలియకుండా పోతుంది. టర్బో లేని ఇంజన్‌కు పై రింగు సందు బోరు వ్యాసంలో 0.004 వంతు చాలు. టర్బో ఉన్నదానికి 0.005 నుంచి 0.006 వంతు దాకా తీసుకుంటారు. అంటే 86 మి.మీ. బోరుకు సుమారు 0.43 నుంచి 0.52 మి.మీ. రెండో రింగుకు పై రింగుతో సమానంగానో కాస్త ఎక్కువగానో ఇవ్వడం ఇప్పటి పద్ధతి. సందు మి.మీ.లో నూరో వంతు ఒకటి రెండు ఎక్కువైతే కొంచెం గాలి జారుతుంది, తక్కువైతే ఇంజనే పోతుంది. సందేహం వస్తే ఎక్కువ వైపే మొగ్గాలి.

రింగును అది పనిచేయబోయే బోరులోనే పెట్టి, తలకిందులుగా పట్టిన పిస్టన్‌తో సుమారు 25 మి.మీ. లోతుకు నెడితే అది వంకర లేకుండా సమంగా నిలుస్తుంది. ఫీలర్ గేజ్‌తో కొలిచి, తీసి, ఒక కొసను మాత్రమే రింగు ఫైలర్ మీద అరగదీయాలి. బయటి ముఖం నుంచి లోపలికి మాత్రమే ఆకురాయి నడవాలి, వెనక్కి లాగితే ముఖం మీది పూత పెచ్చు లేస్తుంది. మూడు నాలుగు తిప్పులకొకసారి కొలవాలి, చివరి దశలో ఒక్కో తిప్పుకూ కొలవాలి. అంచున లేచిన రవ్వను సన్నటి రాయితో మెత్తగా తీసేసి, ఆ రింగును ఆ సిలిండరు సంఖ్య రాసిన సంచిలో ఉంచాలి.

కూర్పు

బేరింగులకు, క్యామ్ లోబులకు అసెంబ్లీ లూబ్రికెంటు దట్టంగా పూయాలి. బోరుకు, రింగులకు మాత్రం మామూలు ఇంజన్ ఆయిలు పలచగా చాలు. చిక్కటి లూబ్రికెంటు రింగులు కూర్చోవడాన్ని ఆలస్యం చేస్తుంది. రింగు మీద చుక్క గుర్తు పైకి ఉండాలి, సందులు ఒకదాని కింద ఒకటి రాకుండా మాన్యువల్ చెప్పిన కోణాల్లో ఉండాలి. సాగే రకం హెడ్ బోల్టులను, రాడ్ బోల్టులను మళ్లీ వాడకూడదు. టార్క్ అంకె బోల్టు మరకు ఏది పూశారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, బోల్టు తయారీదారు చెప్పిన నూనె లేదా గ్రీజే వాడాలి. హెడ్ బోల్టు రంధ్రాల అడుగున ఆయిలు గాని, నీళ్లు గాని నిలిచి ఉంటే బిగింపులో బ్లాకు పగిలే ప్రమాదం ఉంది, ముందే ఊది ఆరబెట్టాలి.

ఒక్కో పిస్టన్ ఎక్కించిన తర్వాత క్రాంక్‌ను చేత్తో తిప్పి చూడాలి. అకస్మాత్తుగా బిగుసుకుంటే చివర వేసిన భాగం దగ్గరే తప్పు ఉందని తెలుస్తుంది. టైమింగ్ చైను లేదా బెల్టు వేశాక ప్లగ్గులు లేకుండా రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పి, గుర్తులు తిరిగి కలిశాయో లేదో చూడకుండా స్టార్టర్ ముట్టుకోకూడదు.

టర్బో షాఫ్టును పొడవు దిశలో లాగి చూస్తే ఆట దాదాపు తెలియకూడదు. పక్కలకు కొద్దిగా కదలడం ఆయిలు పొర మీద తిరిగే బేరింగుకు సహజం, కాని చక్రం గోడను తాకకూడదు. ఆయిలు వచ్చే గొట్టం కొత్తదే వేయాలి, పాతదాని లోపల మాడిన ఆయిలు పెచ్చులు ఉంటాయి. తిరిగి సంప్‌కు (ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టికి) పోయే గొట్టం లావుగా, మడతలు లేకుండా, ఏకధాటిగా కిందికి దిగాలి. అది ఎక్కడైనా పైకి లేస్తే ఆయిలు టర్బోలోనే నిలిచి సీళ్ల గుండా పొగగా బయటికొస్తుంది. ఈ రెండు ఫ్లాంజిల దగ్గరా గాస్కెటే వాడాలి, సిలికాన్ పేస్టు వద్దు. లోపలికి పిండుకొచ్చిన పేస్టు ముక్క ఒక్కటి చాలు ఆయిలు దారి మూయడానికి. క్రాంక్‌కేసు గాలిని లాగే పీసీవీ వాల్వును కూడా మార్చాలి. అది బూస్టు ఒత్తిడిని వెనక్కి రానిస్తే సీళ్లన్నీ కారడం మొదలవుతుంది.

మొదటి స్టార్టు

ఇంజెక్టర్ల, ఇగ్నిషన్ల కనెక్టర్లు ఊడదీసి, ప్లగ్గులు విప్పి, టర్బో ఆయిలు రంధ్రంలో కొద్దిగా ఆయిలు పోసి చక్రాన్ని వేలితో తిప్పాలి. తర్వాత 10 నుంచి 15 సెకన్ల చొప్పున, మధ్యలో స్టార్టర్ చల్లారనిస్తూ, ప్రెజర్ గేజ్ ముల్లు లేచేదాకా క్రాంక్ తిప్పాలి. కారులోని హెచ్చరిక దీపాన్ని నమ్మకుండా, ఈ పనికి నిజమైన గేజ్ తగిలించాలి. కూలెంటులో గాలి బుడగలు పూర్తిగా తీయాలి.

ఇంజన్ అందుకున్నాక కొన్ని క్షణాల్లోనే ఆయిలు ఒత్తిడి కనిపించాలి, లేకపోతే వెంటనే ఆపాలి. ఐడిలింగులో ఎక్కువసేపు వదలకూడదు. ఇంజన్ వేడెక్కేలోగా కారుడు, ఇంధనం వాసన, ఇగ్నిషన్ టైమింగ్, ఎయిర్-ఫ్యూయల్ నిష్పత్తి చూసుకుంటే చాలు. రోలర్లు లేని పాత తరహా ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ ఉన్న ఇంజన్ మాత్రం దీనికి మినహాయింపు. దాన్ని జింకు ఎక్కువున్న ఆయిలుతో 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య 20 నుంచి 30 నిమిషాలు తిప్పాలి. మొదట వచ్చే పొగ కూర్పులో పూసిన ఆయిలుది. అది తగ్గకుండా, యాక్సిలరేటర్ వదిలినప్పుడు నీలంగా వస్తే వాల్వు సీళ్లనో టర్బోనో, తొక్కినప్పుడు వస్తే రింగులనో అనుమానించాలి.

రన్నింగ్ ఇన్

కొత్త ఇంజన్‌ను ఎంత నెమ్మదిగా నడిపితే అంత మంచిదన్న నమ్మకం రింగుల విషయంలో తప్పు. రింగును గోడకు అదిమేది దాని స్ప్రింగు బలం కొంతే. మండిన వాయువు రింగు వెనక్కి చేరి తోసే ఒత్తిడిదే పెద్ద పాత్ర. హోనింగ్ గీతల అంచులు పదునుగా ఉన్న తొలి రోజుల్లో ఆ ఒత్తిడి అందితే రింగూ గోడా ఒకదానికొకటి అరిగి కలుస్తాయి. అందకపోతే గోడ మీద ఆయిలు మాడి నున్నటి పొర కడుతుంది, ఆ తర్వాత ఇంజన్ ఆయిలు తింటూనే ఉంటుంది, మళ్లీ విప్పి హోనింగ్ చేస్తే తప్ప అది పోదు.

కాబట్టి కూలెంటు, ఆయిలు పూర్తిగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 2000 ఆర్‌పీఎం నుంచి 4000 దాకా సగం తొక్కుడుతో లాగించి, కాలు తీసేసి గేరులోనే 2000 దాకా దిగనివ్వాలి. లాగినప్పుడు రింగులు గోడకు ఒత్తుకుంటాయి, వదిలినప్పుడు సిలిండరులో ఏర్పడే వాక్యూమ్ ఆయిలును పైకి లాగి అరిగిన రజనును కడుగుతుంది. ఇలా కొన్నిసార్లు చేసి, కాసేపు మామూలుగా నడిపి చల్లబరచి, మళ్లీ చేయాలి. బూస్టు కంట్రోలర్‌ను విప్పేసి వేస్ట్‌గేట్ (బూస్టు హద్దు దాటకుండా ఎగ్జాస్టును పక్కకు మళ్లించే ద్వారం) స్ప్రింగు ఇచ్చే కనీస ఒత్తిడికే పరిమితం కావాలి. ఒకే వేగంతో గంటల తరబడి హైవే మీద పోవడం, పెద్ద గేరులో తక్కువ ఆర్‌పీఎం దగ్గర బరువుగా లాగించడం, రెండూ వద్దు. 500 కిలోమీటర్ల తర్వాత ఆర్‌పీఎం హద్దును కొంచెం కొంచెంగా పెంచవచ్చు.

ఆయిలు విషయంలో మినరల్ ఆయిలుతో మొదలుపెట్టడం మరమ్మతుదారుల్లో ఎక్కువమంది పాటించే పద్ధతి, నేనూ దానివైపే ఉన్నాను. అయితే నేరుగా ఇంధనం చిమ్మే ఇంజన్‌కు ముందు చెప్పిన తక్కువ ఆర్‌పీఎం ప్రమాదం రన్నింగ్ ఇన్‌లోనూ ఉంటుంది కాబట్టి, ఆ రక్షణ ప్రమాణం ఉన్న ఆయిలునే మొదటి నుంచీ వాడాలి. మొదటి అరగంట నడక లేదా 50 కిలోమీటర్ల తర్వాత ఆయిలు, ఫిల్టరు మార్చాలి. మళ్లీ 500 దగ్గర, ఆ తర్వాత 1500 దగ్గర మార్చి, ఇక సింథటిక్‌కు వెళ్లవచ్చు.

ప్రతిసారీ ఫిల్టరును కోసి, లోపలి కాగితపు మడతలను విప్పి, గట్టిగా పిండి, ఎండ వెలుతురులో పరచి చూడాలి. మొదటి ఫిల్టరులో బూడిదరంగు పొడి, అయస్కాంతానికి అంటే సన్నటి నలుసులు సహజం. రెండోదానిలో అవి బాగా తగ్గాలి. వేలిగోటితో కదిపితే మెరిసే పలచటి రేకులు, అయస్కాంతానికి అంటనివి కనిపిస్తే ఇంజన్ మళ్లీ నడపకుండా సంప్ దించి రాడ్ బేరింగులు చూడాలి.

1500 కిలోమీటర్ల దగ్గర కంప్రెషన్ పరీక్ష, లీక్‌డౌన్ పరీక్ష (సిలిండరులోకి గాలి ఎక్కించి ఎంత శాతం కారుతుందో చూడటం) రెండూ చేయాలి. సిలిండర్ల మధ్య కంప్రెషన్ తేడా 10 శాతం లోపు ఉండాలి, లీక్‌డౌన్ కూడా 10 శాతం దాటకూడదు. ఆయిలు వేడిగా ఉన్నప్పుడు ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 0.7 బార్ ఒత్తిడి నిలవడం పాతకాలపు కొలబద్ద; కొన్ని ఇంజన్లు తమ రూపకల్పనను బట్టి అంతకంటే తక్కువతోనూ భేషుగ్గా నడుస్తాయి, అక్కడ మాన్యువల్ అంకే ప్రమాణం. ఈ పరీక్షలన్నీ నిలబడ్డాకే బూస్టు కంట్రోలర్ తిరిగి తగిలించి, వైడ్‌బ్యాండ్ సెన్సరు (ఎయిర్-ఫ్యూయల్ నిష్పత్తిని కొలిచేది), నాక్ సెన్సరు నమోదు చేసిన రీడింగులు చూస్తూ, బూస్టును 0.1 బార్ చొప్పున పెంచుతూ ట్యూనింగ్ చేయించాలి. ఒక మెట్టులో మిశ్రమం పలచబడినా, నాకింగ్ జాడ కనిపించినా అక్కడే ఆగి కారణం సరిచేశాకే పై మెట్టుకు పోవాలి.